తోడుకున్న ఇసుకదిబ్బ

సుంకమ్మ చేసిన దొంగతనం బయటపడిన రోజే ప్రయోగశాలలో పన్నెండు గాజు జాడీలూ చచ్చిపోయాయి.

చెలిమపల్లి పాత బడిలోని ఒక గదే ఆ ప్రయోగశాల. గాలికి కరెంటు స్తంభాలు ఒరిగి రెండు రోజులైంది. జనరేటరు మొరాయించింది, ఏసీ ఆగిపోయింది. మూడేళ్లుగా డాక్టర్ నస్రీన్ కంటికి రెప్పలా కాచుకున్న ముదురాకుపచ్చ జిగురు జాడీల్లో తెల్లగా విరిగిపోయి అడుగుకు దిగింది. ఆమె ఒక్కో జాడీ ఎత్తి వెలుతురుకు పట్టి చూసింది. పన్నెండోది చూశాక బల్ల మీద పెట్టకుండా చేతిలోనే పట్టుకుని కూర్చుండిపోయింది.

"అయిపోయింది సుంకమ్మక్కా. మళ్లీ మొదట్నుంచి పెంచాలంటే పది నెలలు."

పది నెలలు ఎవరి దగ్గరా లేవు. ఆషాఢ అమావాస్యకు సరిగ్గా నలభై రోజులుంది.

హగరి ఏటి ఇసుక ఎండాకాలం పోగానే గాలికి లేస్తుంది. ఏటా కొన్ని అడుగులు ఊరివైపు జరుగుతుంది. నలభై ఏళ్లలో సగం పొలాల్ని మింగి, ఇప్పుడు కిలోమీటరు పొడవున దిబ్బకట్టి పడమటి దిక్కున నిలబడింది. పోయిన చలికాలంలో రెవెన్యూ వాళ్లు వచ్చి దిబ్బకూ ఊరికీ మధ్య సున్నం పూసిన రాళ్లు పన్నెండు పాతారు. గాలి తగ్గే ఆషాఢ అమావాస్య నాటికి ఇసుక ఆ రాళ్లను దాటితే చెలిమపల్లిని ఖాళీ చేయిస్తారు. అరవై మూడు ఇళ్లను లారీలకెక్కించి ఎక్కడో రోడ్డు పక్క కాలనీలో దింపుతారు. రేకుల ఇల్లు ఇస్తారు, పొలం ఇవ్వరు.

అయిదో రాయికి ఊరివైపు పక్కనే సుంకమ్మ నాలుగెకరాలు మొదలవుతాయి.

ఆమె చీపురు గోడకు ఆనించింది. ఆ గది ఊడ్చి, జాడీలు కడిగే పని ఆమెదే. కొంగు సర్దుకుని ఒకసారి గుమ్మం వైపు చూసింది.

"మేడమ్, తిట్టనంటే ఒగ మాట చెప్తా."

"చెప్పక్కా. ఇప్పుడు తిట్టే ఓపిక కూడా లేదు."

"రెండు నెల్ల కింద ఆ మూడో జాడీలోంచి ఒగ గరిటెడు తీసుకపోయినా. మా మిద్దె మీద కుండలో పెట్టినా. బాగానే ఉండాది."

నస్రీన్ కుర్చీలోంచి ఎలా లేచిందో ఆమెకే తెలియదు.

మిద్దె మీద, పలచని గుడ్డ కట్టిన పెరుగు కుండలో అది నల్లటి పచ్చగా, చిక్కగా, మీగడ కట్టి ఉంది. పుల్లతో ఎత్తితే దారంలా సాగింది. నస్రీన్ ముక్కు దగ్గర పెట్టుకుని వాసన చూసింది. వాన పడ్డ నేల వాసన.

"దీనికి ఏం పెట్టావు?"

"కొర్రగంజి. ఇంత పొయ్యి బూడిద. రోజూ సగం తీసి పారబోసి మళ్లీ పోస్తా. పెరుగును కాపాడినట్లే."

"ఈ ఎండలో? నలభై మూడు డిగ్రీల్లో?"

"ఎండ చూపియ్యకుంటే అది యాడ బతుకుతాది మేడమ్? మొదట్లో శానా చచ్చిపోయింది. మిగిలింది ఇది."

నస్రీన్ మిద్దె మీదే కూలబడి పెద్దగా నవ్వింది. ఏటి ఒడ్డున పాత దిబ్బల మీదుండే నల్లటి పాచిని తెచ్చి, దానికి దారాలు అల్లే సూక్ష్మజీవిని అంటుకట్టి ఆమె ఆ జిగురు తయారుచేసింది. ఇసుక మీద చల్లితే తెల్లవారుజాము చెమ్మను గాలిలోంచి పీల్చి, రేణువుకూ రేణువుకూ మధ్య దారం అల్లి పొర కట్టాలి. గదిలో కట్టింది. బయట ఒక్కసారీ కట్టలేదు. ఇరవై అయిదు డిగ్రీల చల్లదనంలో గారాబంగా పెంచిన ప్రాణి ఆషాఢం ఎండకు తాళలేకపోయింది.

"దీని పేరేంది మేడమ్?" అంది సుంకమ్మ.

నస్రీన్ ఒక పొడుగాటి పేరు చెప్పింది.

"అంత పేరు ఎవరు పిలుస్తారు? మేము ఇసుక తోడు అంటాం."

*

సుంకమ్మ కుండలోని తోడుతో తొలి పరీక్షకు నస్రీన్ వీపున మందు కొట్టే యంత్రం తగిలించుకుని వచ్చింది. పది అడుగులు నడిచేసరికి జిగురు దాని ముక్కులో ఇరుక్కుంది. ఊదింది, విదిలించింది, పిన్నుతో పొడిచింది.

దిబ్బ కింద నిలబడి చూస్తున్న ఆడవాళ్లలోంచి మారెక్క ముందుకొచ్చింది. సుంకమ్మ మొగుడికి అక్క ఆమె. మాటకు పదునెక్కువ. ఆమె పొలం పడమటి అంచున, గాలికి మొదట ఎదురయ్యే చోట ఉంది.

"ఆ మిషనుకు పడిశం పట్టినట్లుండాది మేడమ్. పక్కన పెట్టు," అంది. "కల్లాపి చల్లడం మాకు నువ్వు నేర్పల్లనా?"

తోడును మజ్జిగలా పలచన చేసి, చెంబుతో తీసుకుని, వేళ్ల సందుల్లోంచి విసిరింది. ఒక్క చోట ముద్దపడలేదు, ఒక్క చోట ఖాళీ మిగల్లేదు. రోజూ వాకిట్లో పేడనీళ్లు చల్లే చెయ్యి. మిగిలిన ఆడవాళ్లూ చెంబులు అందుకున్నారు.

తెల్లారి నస్రీన్ వచ్చేసరికి సుంకమ్మ అప్పటికే అక్కడ ఉంది. గొంతుక్కూర్చుని ఇసుకను వేలితో తడుతోంది. డబడబా చప్పుడైంది. కుండ మూతికి కట్టిన తోలు మీద తట్టినట్టు.

గాలి వీచింది. పక్కనంతా ఇసుక పొగలా లేచింది. చల్లిన చోట ఒక్క రేణువు కదల్లేదు.

"తోడుకుంది!" అని అరిచింది మారెక్క. "నస్రీన్ మేడమ్, నీ ఇసుక గడ్డపెరుగై కూర్చుండాది చూడు!"

సుంకమ్మ కుండ ఆ సాయంత్రానికి రెండయింది. రెండు నాలుగయ్యాయి. వారం తిరిగేసరికి అరవై మూడు మిద్దెల మీద అరవై మూడు కుండలు. దిబ్బను ఇళ్ల లెక్కన వంతులు వేసుకున్నారు; పొలం అటే ఉంది కాబట్టి పడమటి అంచు మారెక్క వంతుకు వచ్చింది. ఎవరి వంతు మీద వాళ్లు రోజూ సాయంత్రం ఎండ దిగాక చల్లాలి.

ఒకటే కష్టం వచ్చిపడింది. పొర మీద డెక్క పడకూడదు. మనిషి అడుగు పడితే తెల్లారేలోగా అతుక్కుంటుంది, గొర్రె డెక్క పడితే చిరుగుతుంది. ఊళ్లో గొర్రెలు ఆరు వందలు.

ఆ మాట మొగుడికి చెప్పే పని సుంకమ్మ మీదే పడింది. తిప్పేస్వామి గొంగడి భుజాన వేసుకుని అరుగు మీద కూర్చుని విన్నాడు.

"అయితే ఊరి మంద అంతా తోలుకోని నేను ఏరు దాటి పోవల్ల. అమావాస దాకా."

"ఇంకో ఇద్దరు వస్తారు నీతో."

"నన్ను ఊర్లోంచి ఎల్లగొట్టేదానికి నువ్వూ మేడమూ ఒగటైనారా ఏంది?"

"నువ్వు లేకుంటే సంగటి మిగుల్తాది. నాకూ ఆశే."

అతను నవ్వలేదు. "సూడి గొర్రెలు నూటికి పైన ఉండాయి సుంకీ. ఈ ఎండల్లో, తెలియని బీళ్లలో ఈనితే పిల్లలు నిలబడవు."

ఆ రాత్రే ఆమె అతనికి సంగటి మూట కట్టింది. మర్నాడు పొద్దున్నే మంద కదిలింది. ముందు నల్లోడు నడిచాడు. ఎనిమిదేళ్ల పొట్టేలు, కొమ్ములు రెండు చుట్లు తిరిగాయి. తిప్పేస్వామి పిలిస్తే నల్లోడు కదులుతాడు, నల్లోడు కదిలితే ఆరు వందలూ కదులుతాయి. ఊరు ఖాళీ అయినట్టు అనిపించింది సుంకమ్మకు. రాళ్ల దగ్గర నిలబడి దుమ్ము కనపడినంత సేపూ చూసింది.

*

ముప్పై రెండో రోజుకు దిబ్బ మొత్తం నల్లటి పచ్చ రంగు తిరిగింది. గాలి ఎంత కొట్టినా రాళ్ల దగ్గరికి ఇసుక రాలేదు. నస్రీన్ దిబ్బకు పొడుగాటి ఇనుప చువ్వ గుచ్చి తీసి చూపించింది. జానెడు లోతున చువ్వకు తడి ఇసుక అంటుకుని ఉంది. ఆషాఢంలో, చుక్క వాన లేకుండా.

"ఇది అరవై మూడు ముక్కలు కాదు," అంది. "దారాలన్నీ ఒకదానికొకటి కలిసిపోయాయి. చెమ్మ ఉన్నచోటు నుంచి లేనిచోటుకు నీళ్లు అందిస్తున్నాయి. ఇప్పుడు దిబ్బ మీద ఉన్నది ఒకటే ప్రాణి. ఒకటే తోలు."

అందరూ సంబరపడ్డారు. ఆ మాటకున్న రెండో అర్థం ఎవరికీ తట్టలేదు, నస్రీన్‌కు కూడా.

ఆ సాయంత్రం సుంకమ్మ గూట్లో దీపం పెట్టి, దండం పెట్టుకుని వెనక్కి తిరిగేసరికి గుమ్మంలో మారెక్క ఖాళీ చెంబుతో నిలబడి ఉంది.

"సుంకమ్మా, ఇంత తోడు పొయ్యి. మా మేక తాడు తెంపుకోని మిద్దెక్కి కుండంతా తాగేసినాది. దాని కడుపు ఇప్పుడు బండలాగా తోడుకుంటాదేమో."

సుంకమ్మ చెయ్యి కుండ వైపు పోయింది. సగంలో ఆగింది.

"దీపం పెట్టేసినా ఒదినా."

"అయితే?"

"దీపాలు పెట్టినాక తోడు ఇయ్యరు కదా. పొద్దున్నే రా. రెండు చెంబులు పోస్తా."

"ఇది పెరుగు తోడా మే? ఇసుక తోడు!"

"ఏ తోడైనా తోడే కదా. ఇస్తే ఇంట్లో కుండ విరుగుతాది. నా కుండే అన్నిటికీ మొదలు. అది విరిగితే ఏం గతి?"

మారెక్క ఇంకో ఇంటికి పోయి అడగలేదు. ఏ ఇంట్లోనైనా అప్పటికి దీపం వెలిగే ఉంటుంది. అడిగి కాదనిపించుకునే మనిషీ కాదు. చెంబు చంకలో పెట్టుకుని, "నీ కుండ సల్లగుండనీలే," అనేసి వెళ్లిపోయింది.

ఒక్క సాయంత్రం ఒక్క వంతు మీద చల్లలేదు, అంతే. కానీ ఆ వంతు గాలికి ఎదురుగా ఉండే అంచు.

*

పొద్దున సుంకమ్మను లేపింది మారెక్క కేకలే.

పడమటి అంచున పొర చిరిగి ఎనభై గజాల మేర ఇసుక బయటపడింది. గాలి ఆ కంతలో దూరి సన్నగా ఈల వేస్తోంది. పారతో తోసినట్టు ఇసుక దిబ్బ మీదుగా రాళ్ల వైపు దొర్లుకుంటూ వస్తోంది. అయిదో రాయి మోకాలి ఎత్తు పూడిపోయింది.

అసలు ప్రమాదం అది కాదు. కంతకు రెండు పక్కలా పచ్చటి పొర తెల్లబడి అప్పడంలా పైకి చుట్టుకుంటోంది. నస్రీన్ పుల్ల గుచ్చి గుర్తుపెట్టింది. గంట తర్వాత చూస్తే తెలుపు ఆ పుల్లను దాటి పది అడుగులు పోయింది.

"తోలు తెగినచోట నీళ్లు కారిపోతున్నాయని దానికి తెలిసిపోయింది," అంది నస్రీన్. "తనను కాపాడుకోవడానికి ముడుచుకుంటోంది. ముడుచుకునే కొద్దీ వేగం పెరుగుతుంది. రేపు పొద్దెక్కేసరికి దిబ్బంతా మామూలు ఇసుక."

అమావాస్యకు ఏడు రోజులు.

ఊరంతా అక్కడే చేరింది. ఎవరి వంతు అని ఎవరో అడిగారు. మారెక్క నోరు తెరిచింది. ఆమె కంటే ముందు సుంకమ్మ గొంతే లేచింది.

"వంతు ఒదినది. తప్పు నాది. తోడు అడిగితే దీపం పెట్టేసినానని ఇయ్యలేదు."

 అక్కడున్న సగం మందికి ఆ స్థానంలో తామున్నా అంతే చేసేవాళ్లమని తెలుసు.

మారెక్క ఆమె వైపు చూసింది. "ఒప్పుకున్నావు లే. కొట్టేది తర్వాత కొడతా. ఇప్పుడు దీన్ని మూసేదెట్లనో చెప్పు."

అన్ని కుండలూ దింపి తెచ్చారు. తోడుకు కరువు లేదు. కానీ చల్లిన చోట చల్లినట్టే గాలి ఇసుకతో సహా ఎత్తుకుపోయింది. టార్పాలిన్లు కప్పారు, చిరిగి ఎగిరిపోయాయి. ఈతమట్టలు పాతారు, పడుకున్నాయి.

"ఒక్క రాత్రి," అంది నస్రీన్. "ఒక్క రాత్రి ఈ ఎనభై గజాల్లో గాలి ఆడకుండా, ఇసుక కదలకుండా, ఇంత తడి ఉండేటట్టు చేయగలిగితే చాలు. తెల్లారేసరికి అతుక్కుంటుంది. కానీ ఎలా?"

సుంకమ్మ ఇసుక గుప్పిట్లోకి తీసుకుని పిసికింది. పొడిపొడిగా జారిపోయింది. ఆమె కళ్ల ముందు తమ చేను కదిలింది. ఏటా విత్తనానికి ముందు అందులో మంద కడతారు. గొర్రెలు ఒకదానికొకటి ఆనుకుని పడుకుంటాయి. పొద్దున మందను లేపాక అక్కడ కాలు పెడితే నేల వెచ్చగా, తడిగా, అణిగి గట్టిగా ఉంటుంది. ఎంత గాలి వీచినా ఆ చోటు నుంచి దుమ్ము లేవదు.

"మంద కట్టల్ల," అంది.

"ఏంటి?"

"ఇక్కడ. ఈ కంతలో. ఆరు వందల గొర్రెలు."

నస్రీన్ ఆమెను పిచ్చిదాన్ని చూసినట్టు చూసింది. "అక్కా! డెక్క పడకూడదనే కదా మందను పంపించాం! నెల రోజులుగా మీ ఆయన్ను ఊరికి దూరం చేసింది అందుకే కదా!"

"పొర ఉన్నచోట డెక్క పడితే చెడుపు మేడమ్. పొరే లేనిచోట డెక్క ఏం చింపుతాది? తోడు చల్లుదాం. దాని మీద మందను పడుకోబెడదాం. తొక్కి లోపలికి అదుముతాయి. గాలికి గోడలాగా ఉంటాయి. తడి అవే పెడతాయి, పెంట అవే పెడతాయి. నీ జిగురు రోజూ నా పొయ్యి బూడిద తింటాది. గొర్రె పెంట తినదా?"

నస్రీన్ వేళ్ల మీద ఏదో లెక్కపెట్టుకుంది. ఆమె ముఖం మారడం అందరూ చూశారు.

"నత్రజని," అంది మెల్లగా. "తేమ. ఒత్తిడి. ఒంటి వేడి... అక్కా, ఫోన్ చెయ్యి. ఫోన్ చెయ్యి ముందు!"

తిప్పేస్వామి ఏరు అవతల ఇరవై కిలోమీటర్ల దూరాన ఉన్నాడు.

"పొద్దు మునిగేలోగా?" అన్నాడు ఫోన్లో. "సూడివి ఉండాయని చెప్తి కదా. ఈ ఎండలో అంత దూరం ఆపకుండా తోలితే కడుపులోని పిల్లలు పడిపోతాయి. పెద్దవీ పోతాయి."

"తెలుసు."

"తెలిసే అడుగుతాండావా?"

"తెలిసే అడుగుతాండా. నిన్న సాయంత్రం నేను చేసిన తప్పుకు నీ గొర్రెల్ని అడుగుతాండా. రాకుంటే ఈ ఊరు ఉండదు. ఊరు లేకుంటే మందను యాడ కడతావు?"

 అటువైపు అతను ఎవరినో పిలవడం, నాలుకతో టక్ టక్‌మని చప్పుడు చేయడం వినపడింది.

నల్లోణ్ని పిలిచే చప్పుడు అది.

*

పొద్దు దిబ్బ మీదికి వాలుతుండగా పడమట దుమ్ము లేచింది.

కంతకు చేరాలంటే మంద పచ్చటి పొర పక్కనుంచే రావాలి. ఒక్క గొర్రె పక్కకు చీలినా మిగిలిన పొర కూడా చిరుగుతుంది. సుంకమ్మ మధ్యాహ్నమే ఊళ్లో ఉన్న చీరలన్నీ తెప్పించింది. ముసలీ ముతకా, ఆడా మగా అంతా రెండు వరసలుగా నిలబడి చీరలు ముడేసి పట్టుకున్నారు. పొర అంచు మొదలయ్యే చోటు నుంచి కంత దాకా రంగురంగుల సందు తయారైంది. గాలికి చీరలు తెరచాపల్లా ఉబ్బాయి. పట్టుకున్నవాళ్ల చేతులు కోసుకుపోయాయి.

నల్లోడు సందు మొదట ఆగాడు. నోటి నిండా నురగ. కాళ్లు వణుకుతున్నాయి. రెపరెపలాడే చీరలను చూసి వెనక్కి తగ్గాడు. వెనక మంద కకావికలు కాబోయింది.

తిప్పేస్వామి ముందుకొచ్చి చీరల మధ్య నడవడం మొదలుపెట్టాడు. వెనక్కి తిరిగి చూడలేదు. టక్ టక్‌మన్నాడు.

నల్లోడు ఒక అడుగు వేశాడు. ఇంకోటి. ఆ తర్వాత ఆరు వందలూ అతని వెనక నదిలా సందులోకి దిగాయి.

"తోసుకోవద్దు, తోసుకోవద్దు, అందరికీ సోటుండాది!" అని బస్సు కండక్టరులా అరిచింది మారెక్క. ఏడుపు ఆపుకుంటున్నవాళ్లు కూడా నవ్వారు.

అప్పటికే ఆడవాళ్లు కంత నిండా తోడు చల్లి ఉంచారు. గొర్రెలు దాన్ని తొక్కుతూ తిరిగాయి, గాలికి వీపు పెట్టాయి, ఒకదాని కడుపులో ఒకటి తల దూర్చాయి. ఒక్కొక్కటే ముందరి కాళ్లు మడిచాయి. గాలి వైపు మొదటి వరసలో నల్లోడు నిలబడ్డాడు. అతను పడుకోలేదు.

ఊళ్లో ఇళ్లన్నిట్లో దీపాలు వెలిగాయి. కుండ అడుగున ఇంకొంచెం తోడు మిగిలిందని, చల్లేద్దామా అని ఎవరో అడిగారు. సుంకమ్మ ఆ కుండ లాక్కుని మారెక్క చెంబులోకి వంచేసింది.

"దీపం పెట్టేసినారు మే," అంది మారెక్క.

"పెట్టనీ."

*

తెల్లవారింది. గాలి కాస్త నెమ్మదించింది.

తిప్పేస్వామి మందను లేపాడు. గొర్రెలు విదిలించుకుని లేచాయి. పదకొండు లేవలేదు. మొదటి వరసలో, మోకాళ్ల దాకా ఇసుకలో కూరుకుపోయి నల్లోడు ఉన్నాడు. తల వంచి, కొమ్ములు గాలికి ఎదురుపెట్టి, అలాగే బిగుసుకుపోయాడు. తిప్పేస్వామి గొంగడి తీసి అతని మీద కప్పాడు. ఏడవలేదు. పక్కన కూర్చుని చాలాసేపు కొమ్ము మీద చెయ్యి పెట్టుకున్నాడు. సుంకమ్మ వెళ్లి పక్కన కూర్చుంది.

మంద అదే సందులోంచి బయటికి పోయాక, నస్రీన్ చెప్పులు విప్పి కంతలోకి నడిచింది. వంగి వేలితో తట్టింది.

చప్పుడు రాలేదు. ఇంకో చోట తట్టింది. రాలేదు.

నస్రీన్ చేతి గోళ్లతో పెళ్లగించబోయింది. గోరు విరిగింది.

"అక్కా," అంది తిరిగి. కళ్లలో నీళ్లు తిరుగుతున్నాయి. "చప్పుడు ఎందుకు రావట్లేదో తెలుసా? కింద బోలు లేదు. ముందు కట్టింది వేలెడు మందం పొర. ఇది జానెడు."

ఎనభై గజాల మేర నల్లటి పచ్చటి నేల. దాని నిండా డెక్కల గుంటలు, వేలకు వేలు. ఒక్కో గుంటలో పొద్దుటి చెమ్మ చుక్కగా నిలిచి మెరుస్తోంది. నస్రీన్ పరుగెత్తుకుంటూ పోయి నిన్న పాతిన పుల్లల దగ్గర మోకరిల్లింది. చుట్టుకుపోయిన తెల్లటి అంచు మళ్లీ నేలకు అంటుకుంటోంది. ఆమె చూస్తుండగానే ఒక చివర పచ్చ తిరిగింది.

"నీళ్లు అందుతున్నాయి!" అని అరిచింది. "కంతలోంచి దిబ్బకు నీళ్లు వెళుతున్నాయి!"

అరవై మూడు ఇళ్ల జనం ఒక్కసారిగా కేక పెట్టారు. ఎవరు ఎవరిని కౌగిలించుకున్నారో లెక్కలేదు. మారెక్క వచ్చి సుంకమ్మ వీపు మీద చెళ్లున ఒక్కటి వేసింది.

"ఇది నిన్నటి బాకీ," అంది. తర్వాత గట్టిగా వాటేసుకుంది.

*

అమావాస్య రోజు సర్వే అధికారి ఫణిరాజు ఇద్దరు మనుషులతో, టేపుతో దిగాడు. జీపులో ఊరు ఖాళీ చేయించే కాగితాలు తయారుగా ఉన్నాయి. ముఖం మీద రుమాలు కట్టుకుని వచ్చాడు. ఆషాఢంలో చెలిమపల్లికి రుమాలు లేకుండా ఎవరూ రారు.

జీపు దిగి పది అడుగులు వేశాక ఆగి రుమాలు విప్పాడు. గాలి వీస్తోంది, కంట్లో ఏమీ పడడం లేదు.

పన్నెండు రాళ్లూ చూశాడు. మొన్న పూడిన అయిదో రాయి దగ్గరి ఇసుకను, తవ్వితే అధికారులు ఒప్పుకోరని, ఊరివాళ్లు అలాగే వదిలేశారు. మోకాలెత్తు ఇసుక రాయికి ఆనుకుని గట్టిపడి ఉంది. రాయిని దాటలేదు.

"ఆనుకుంది. దాటలేదు," అని రాసుకున్నాడు. అక్కడితో ఆగలేదు. దిబ్బ ఎక్కాడు. కంత దగ్గరికి వచ్చి కూర్చుండిపోయాడు.

"ఇవేంటమ్మా?"

డెక్కల గుంటల్లో పచ్చగా మొలకలు. రెండేసి ఆకులు. వేలకు వేలు. సుంకమ్మ కూడా ఆ రోజు పొద్దున్నే మొదటిసారి చూసింది, ఇంకా నమ్మకం కుదరలేదు.

"తుమ్మ మొలకలు సార్," అన్నాడు తిప్పేస్వామి. "ఏరవతల బీట్లో నెల రోజులు తుమ్మకాయలే మేసినాయి మా గొర్రెలు. గింజలు పెంటలో వచ్చినాయి."

"ఎవరు నాటారు?"

"గొర్రెలే నాటినాయి. మేము నీళ్లు కూడా పోయలేదు."

ఫణిరాజు ఒక మొలకను మెల్లగా లాగి చూశాడు. రాలేదు. వేరు అప్పటికే లోపలికి దిగిపోయింది. లేచి నస్రీన్ వైపు తిరిగాడు.

"డాక్టరు గారూ, ఇది మీరు కనిపెట్టిందేనా?"

"తోడు సగం నాది," అంది నస్రీన్. "దాన్ని బతికించింది సుంకమ్మక్క. తోడుకోబెట్టింది మంద. నేను మందను వద్దన్న మనిషిని. రిపోర్టులో అది కూడా రాస్తాను."

అతను జీపు దగ్గరికి వెళ్లి కాగితాలు తెచ్చాడు. అందరి ముందూ మొదటి పేజీ మీద అడ్డంగా గీత కొట్టి సంతకం పెట్టాడు. చెలిమపల్లి ఎక్కడికీ కదలదు.

ఎవరో పలక వాయించడం మొదలుపెట్టారు. మారెక్క కొంగు నడుముకు చుట్టి అడుగు కలిపింది. నస్రీన్‌ను కూడా లాగింది. ఆమెకు అడుగులు రాకపోతే, "మిషను కంటే నయమేలే," అంది.

సుంకమ్మ ఆటలో కలవలేదు. దిబ్బ నెత్తికెక్కి పడమర చూసింది. అవతల ఏటి దాకా ఇంకో మూడు దిబ్బలు తెల్లగా మెరుస్తున్నాయి. వాటి కింద మామగారి కాలంనాటి చేలు ఉన్నాయి. కొర్ర, వేరుశనగ, కంది పండిన చేలు. ఆమె కాపురానికి వచ్చేనాటికే అవి ఇసుకలో కలిసిపోయాయి.

తిప్పేస్వామి వచ్చి పక్కన నిలబడ్డాడు. అతని వెనకాలే ఒక చిన్న పొట్టేలు వచ్చింది. ఇంకా కొమ్ములు చుట్టు తిరగలేదు.

"వీడు నడిపిస్తాడా?" అంది సుంకమ్మ.

"నేర్పల్ల. వచ్చే వారం మొదటి దిబ్బ మీద కడదామా మందను?"

"తోడు ముందు చల్లల్ల కదా. అరవై మూడు కుండలు చాలవు. పక్కూరోళ్లను కూడా పిలవల్ల."

"ఆ చేలల్లో ముందేం ఏస్తావు?"

సుంకమ్మ వంగి, ఒక గుంటలోని తడి ఇసుకను చిటికెడు తీసి నాలుక మీద వేసుకుంది. ఉప్పదనం లేదు.

"కొర్ర," అంది. "రెండో కారు కంది."

చీర కుచ్చెళ్లు ఎగదోపుకుని దిబ్బ అవతలి వైపు దిగడం మొదలుపెట్టింది, కొలత వేయడానికి, ఏటి వైపుగా.